తలుపు లేని టెలిఫోను

కొత్త యంత్రం ఏది వచ్చినా అది మనిషికి ఒక సౌకర్యాన్ని ఇస్తుంది; దానితోపాటు ఒక మర్యాదను నేర్చుకొమ్మని అడుగుతుంది. రైలు వచ్చిన తర్వాత, దిగేవారిని దిగనిచ్చి ఎక్కడం మర్యాద అని తెలుసుకున్నాము. సినిమా వచ్చిన తర్వాత, చీకటిలో పక్కవాని వినోదానికి అడ్డు తగలరాదని తెలుసుకున్నాము. రేడియో వచ్చిన తర్వాత, మన పాట పొరుగువాని నిద్రకు శత్రువు కాగూడదని తెలుసుకున్నాము. తెలుసుకున్నవన్నీ ఆచరిస్తున్నామా అన్నది వేరే సంగతి. తప్పు చేసేవానికి అది తప్పని తెలిసి ఉండడమే ఒక లాభం. సెల్‌ఫోను విషయంలో ఆపాటి లాభం కూడా మనకింకా దక్కలేదు.

మన దేశంలో మొదటి సెల్‌ఫోను సంభాషణ 1995 జూలై 31వ తేదీన జరిగినది. ఆనాటి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు, కలకత్తాలోని రైటర్స్ బిల్డింగు నుంచి ఢిల్లీలో ఉన్న కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. ఆ తర్వాత గడచినవి మూడు దశాబ్దాలు మాత్రమే. ఆనాడు మంత్రుల చేతిలో ఉన్న వస్తువు ఈనాడు కూరగాయల బండి మీద, నాగలి పక్కన, బడిపిల్లవాని సంచిలో కనిపిస్తున్నది. మర్యాదలు తరాల మీద ఏర్పడతాయి. ఈ యంత్రమో, ఒక్క తరంలోనే ఊరంతా వ్యాపించినది.

అంతకుముందు టెలిఫోనుకు మర్యాద లేదా అంటే, ఉండేది. దానిని మనము నేర్చుకొనవలసిన అవసరం లేకపోయినది. ఎందువల్లనంటే దానికొక తలుపు ఉండేది. పసుపుపచ్చని బోర్డులు కట్టిన ఎస్.టి.డి. బూత్‌లను నడివయసు వచ్చిన పాఠకులెవ్వరూ మరచిపోయి ఉండరు. మనిషి ఒక్కడు మాత్రం పట్టే గది, అద్దాల తలుపు, ఎదురుగా రూపాయలను లెక్కపెట్టే ఎర్ర అంకెలు. ఆ తలుపు రెండు పనులు చేసేది: లోపలివాని గుట్టును కాపాడేది, బయటివాని చెవులను కాపాడేది. ఎర్ర అంకెలు మూడవ పని చేసేవి. క్లుప్తంగా మాట్లాడడం నేర్పేవి. సెల్‌ఫోను వచ్చిన తొలి రోజులలో కూడా ధర ఒక తలుపు వలె అడ్డంగా నిలిచినది. వచ్చిన పిలుపుకు సైతం డబ్బు చెల్లించవలసి ఉండేది. 2003లో ఆ ఛార్జీ పోయినది. క్రమంగా మాట ధర కూడా దాదాపు లేకుండా పోయినది. తలుపు పోయినది, అంకెలు పోయినవి. మిగిలినది మన నోరు, పదిమంది చెవులు.

ఈ యంత్రం పుట్టినదే నడివీధిలో అన్న సంగతి ఇక్కడ గుర్తు చేసుకొనదగినది. 1973 ఏప్రిల్ 3వ తేదీన మోటరోలా సంస్థకు చెందిన మార్టిన్ కూపర్ అనే ఇంజనీరు, న్యూయార్కు నగరపు వీధిలో నిలబడి, కిలోకు పైగా బరువున్న ఫోనును చెవికి ఆనించి మాట్లాడాడు. పిలిచినది ఎవరినో కాదు. పోటీ సంస్థ అయిన బెల్ ప్రయోగశాలలో ఇదే పని మీద ఉన్న జోయెల్ ఎంగెల్‌నే! తాము ముందుగా సాధించామని అతనికి చెప్పడమే ఆ పిలుపులోని సంగతి. నడివీధిలో నిలబడి, దారిన పోయేవారు చూస్తుండగా, తన గొప్పను దూరాన ఉన్నవానికి చాటడం! పుట్టుకతో వచ్చిన ఈ గుణాన్ని సెల్‌ఫోను ఇంకా విడిచిపెట్టలేదు.

గుంటూరు నుంచి విజయవాడ పోయే బస్సు ఎక్కితే చాలు, ఈ గుణాన్ని కన్నులారా చూడవచ్చు, చెవులారా వినవచ్చు. ముందు సీటులోని పెద్దమనిషి పెండ్లి సంబంధం ఎందుకు తప్పిపోయినదో వియ్యంకుడు కాబోయిన వానికి వివరిస్తుంటాడు. పక్క వరుసలోని ఇల్లాలు తోడికోడలి నగల లెక్క చెల్లెలికి ఒప్పజెబుతుంటుంది. వెనుక సీటులోని యువకుడు తన బ్యాంకు కార్డు మీది పదహారు అంకెలను, అవతలివానికి సరిగా వినిపించలేదని, రెండుసార్లు చదువుతాడు. కిటికీ పక్కన కూర్చున్నవాడు అప్పులవానితో, “నేను హైదరాబాదులో ఉన్నానండీ, ఎల్లుండి గాని రాను” అంటాడు. సరిగా అదే సమయానికి కండక్టరు, “మంగళగిరి, మంగళగిరి” అని కేక వేస్తాడు. గోడలకు చెవులుంటాయని మన పెద్దలు హెచ్చరించారు. ఇప్పుడు చెవులు మాత్రమే ఉన్నవి, గోడలు లేవు.

“బస్సులో ఇద్దరు కూర్చుని కబుర్లు చెప్పుకుంటే లేని బాధ, ఒక్కడు ఫోనులో మాట్లాడితే ఎందుకు?” అని అడిగేవారున్నారు. ప్రశ్న న్యాయమైనదే. దానికి జవాబు కూడా ఉన్నది. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధకులు 2010లో ఒక ప్రయోగాన్ని ప్రచురించారు. కంప్యూటరు తెర మీద కదిలే చుక్కను వెంబడించే పని వంటివి కొందరికి అప్పగించి, ఆ సమయంలో కొన్ని మాటలు వినిపించారు. ఇద్దరి సంభాషణ పూర్తిగా వినిపించినప్పుడు వారి పని అంతగా చెడలేదు. ఒక్కరి పక్షపు మాటలు మాత్రమే వినిపించినప్పుడు పని చెడినది. కారణం ఇది: మన మనస్సు విన్న మాటకు తరువాయి మాటను ఊహిస్తూ ఉంటుంది. సగం సంభాషణలో ఆ ఊహకు ఆధారం దొరకదు. “అట్లాగా! ఎప్పుడు? అయ్యో, మరి ఆమె ఏమన్నది?” అన్న మాటలు చెవిన పడినవంటే, ఆమె ఎవరో, ఏమన్నదో మనకు అక్కర లేకపోయినా మనస్సు వెదుకుతూనే ఉంటుంది. కాబట్టి ఆ చికాకు మన ఓర్పులేనితనం కాదు. ఒకరి సగం మాటలు మన మనస్సు చేత బలవంతంగా చాకిరి చేయిస్తున్నవి.

ఇక కేకలు వేసేవారందరూ గర్విష్ఠులని అనుకొనడం కూడా పొరపాటే. చుట్టూ రొద ఉన్నప్పుడు మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడని ఫ్రెంచి వైద్యుడు ఎటియన్ లొంబార్ 1911లోనే గుర్తించాడు. దానికి మన వారసత్వం ఒకటి తోడైనది. ట్రంకాలు కోసం తపాలాఫీసులో గంటల కొద్దీ కాచుకొని, తీరా లైను దొరికిన తర్వాత ఊరికంతా వినిపించేటట్లు అరచిన తాతల అలవాటు మనకు సంక్రమించినది. దూరం ఎంత ఎక్కువైతే గొంతు అంత పెరగాలన్నది ఆనాటి లెక్క. ఈనాడు అమెరికాలో ఉన్న కొడుకును పలకరించే తండ్రి అదే లెక్క ప్రకారం సముద్రాలను దాటేటంత గొంతుతో మాట్లాడుతాడు. అతనికి కావలసినది మందలింపు కాదు. “మెల్లగా మాట్లాడినా వినిపిస్తుందండీ” అని పక్కనున్నవారు చిరునవ్వుతో చెప్పే ఒక్క మాట.

అలవాటు వల్ల వచ్చిన తప్పును క్షమించవచ్చు. లౌడ్‌స్పీకరు మీట నొక్కి మాట్లాడేవారిది వేరు రకం. అక్కడ నష్టపోయేవాడు పక్కవాడు మాత్రమే కాడు. అవతల ఉన్న మనిషి. హాస్టలులో ఉన్న కుర్రవాడు ఫీజు కట్టలేక సిగ్గుపడుతూ తండ్రితో మాట్లాడుతున్నానని అనుకుంటాడు. నిజానికి అతడు బస్సంతటితోనూ మాట్లాడుతున్నాడు. అత్తవారింట కష్టపడుతున్న కూతురు తల్లి చెవిలో చెప్పుకొన్న మాట టీ దుకాణం దగ్గర నిలబడ్డ నలుగురూ వింటారు. ఆ పిల్లకు ఈ సంగతి తెలియదు. ఇంటిగుట్టు లంకకు చేటు అన్నారు. ఆ గుట్టు విప్పినది పగవాడు కాదు, నమ్మినవాడే. సెల్‌ఫోను అమర్యాదలలో అన్నింటికంటె పెద్దది ఇదేనని చెప్పవలసి ఉన్నది.

ఇట్టి విషయాలలో చట్టమూ, శాసనమూ కొంత చేయగలవు. బస్సులో ఫోనును బిగ్గరగా మోగించరాదని 2021 నవంబరులో కర్ణాటక హైకోర్టు ఆ రాష్ట్రపు ఆర్టీసీ బస్సుల విషయంలో ఆదేశించినది. బిగ్గరగా ఫోనులో మాట్లాడడం, ఇయర్‌ఫోను లేకుండా పాటలు వినడం కూడదని 2022 జనవరిలో రైల్వే శాఖ కూడా ప్రయాణికులకు ఆంక్ష పెట్టినది. వాహనం నడుపుతూ ఫోను చేతబట్టితే, 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం కింద మొదటి తప్పుకు 1,000 రూపాయలకు తగ్గకుండా 5,000 రూపాయల వరకు జరిమానా గాని, జైలు గాని, రెండూ గాని విధించవచ్చు. ప్రాణాపాయం ఉన్నచోట అట్టి కాఠిన్యం అవసరమే. కాని సంతాపసభలో అందరూ మౌనంగా నిలబడి ఉండగా ఎవరి జేబులోనో సినిమాపాట మోగినప్పుడు ఏ పోలీసును పిలుస్తాము? ఇంటికి వచ్చిన చుట్టాన్ని ఎదుట కూర్చోబెట్టి, తల వంచి తెర చూసుకొనేవానికి ఏ శిక్ష వేస్తాము? ఎండలో నడిచి వచ్చినవాడు కాచుకొని ఉండాలి. ఎక్కడో మీట నొక్కినవానికి తక్షణం సమాధానం దొరకాలి! అతిథి మర్యాదకు పేరుపడ్డ మన దేశంలో ఇది చిత్రమైన న్యాయం.

జపానులో ఫోనును నిశ్శబ్దంగా ఉంచే ఏర్పాటుకు వాడుకలో ఉన్న పేరే ‘మానర్ మోడ్’, అనగా మర్యాద పద్ధతి. రైలులో ఫోనును ఆ పద్ధతిలో ఉంచి, మాటలు మానుకొమ్మని ప్రయాణికులను కోరుతారు. మన ఫోనులలోనూ ఆ మీట ఉన్నది. దానికి మనము ‘సైలెంటు’ అని పేరు పెట్టుకున్నాము. పేరులోనే తేడా ఉన్నది. వారికి అది పక్కవాని పట్ల చూపే గౌరవం. మనకు అది ఫోను నోరు మూయించడం.

ఇంతవరకు చెప్పినది ఒక పక్షం. రెండవ పక్షం చెప్పకపోతే న్యాయం కాదు. ఇంట్లో తనకంటూ ఒక గది, ఆ గదికి ఒక తలుపు ఉన్నవారు, బస్సులో మాట్లాడేవారిని చూసి నవ్వడం సులభం. కరీంనగరం, నిజామాబాదు, కోనసీమ ప్రాంతాల నుంచి గల్ఫు దేశాలకు కూలికి పోయినవారున్నారు. ఒక గదిలో ఎందరో పడుకొనేచోట, అతడు తన బిడ్డతో మాట్లాడడానికి ఏకాంతం ఎక్కడ దొరుకుతుంది? పనికి పోతూ దారిలో మాట్లాడుతాడు. ఇక్కడ ఆ పిలుపు అందుకొన్న ఇల్లాలు ఒంటిగది ఇంట్లో అందరి నడుమ మాట్లాడలేక, బస్సుస్టాండు మూలన నిలబడి మాట్లాడుతుంది. ఆమెకు దొరికిన ఏకాంతం ఆ మూల మాత్రమే. అక్కడ మర్యాద పాటించవలసినది ఆమె కాదు, మనము. చూపు పక్కకు తిప్పుకొనడం, రెండడుగులు దూరం జరగడం, విన్నది మరొకరికి చెప్పకపోవడం, ఆమె కంటతడి మీదికి మన ఫోను కెమెరాను తిప్పకుండా ఉండడం. మాట్లాడేవానికి ఒక మర్యాద ఉన్నట్లే వినేవానికీ ఒకటి ఉన్నది.

ఈ విషయంలో బడికి ఒక బాధ్యత ఉన్నదని ఉపాధ్యాయులకు మనవి చేయవలసి ఉన్నది. 2023లో యునెస్కో ప్రకటించిన నివేదిక ప్రకారం, అప్పటికి ప్రపంచంలో దాదాపు నాలుగింట ఒక వంతు దేశాలు బడులలో స్మార్ట్‌ఫోనులను నిషేధించినవి. అదే సంవత్సరం ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ కూడా విద్యార్థులు బడికి ఫోను తేరాదని, ఉపాధ్యాయులు తరగతిలోకి తీసుకొనిపోరాదని ఉత్తరువు చేసినది. నిషేధం గదిని నిశ్శబ్దంగా ఉంచగలదు. మనిషిని మర్యాదస్థునిగా చేయలేదు. గేటు దాటిన మరుక్షణం ఫోను మళ్ళీ పిల్లవాని చేతికి వస్తుంది. అప్పుడు ఎట్లా మాట్లాడాలో అతనికి ఎవరు చెప్పారు? పాఠం నడుమ ఫోను మోగితే గురువు దానిని ఆపివేశాడా, లేక పద్యం మధ్యలో వదలి వరండాలోకి పరుగెత్తాడా అన్నది యాభై జతల కన్నులు చూస్తాయి. ఆనాడు చెప్పిన పద్యం మరచిపోయినా, చూసినది మరచిపోరు.

ఒకప్పుడు మన బడులలో లేఖ వ్రాయడం ఒక పాఠం. పెద్దలకు నమస్కారం, పిన్నలకు ఆశీస్సు, ‘ఉభయకుశలోపరి’ అన్న పలకరింపు, చివర చేవ్రాలు—ఇవన్నీ మార్కులు వేసి నేర్పిన మర్యాదలు. లేఖ పోయి ఫోను వచ్చినది. పాఠం మాత్రం రాలేదు. అందువల్లనే మన మొదటి ప్రశ్న “క్షేమమా?” అన్నది పోయి “ఎక్కడున్నావు?” అన్నది అయినది. ఆ పాఠానికి కొత్త పుస్తకాలు అక్కరలేదు. ఒక గంటసేపు ఇద్దరేసి పిల్లలను నిలబెట్టి, ఉత్తుత్తి ఫోనులో మాట్లాడించి చూడవచ్చు. మొదట తన పేరు చెప్పడం, “ఇప్పుడు మాట్లాడవచ్చునా?” అని అడగడం, బస్సులో ఉంటే “దిగిన తర్వాత పిలుస్తాను” అనడం, లౌడ్‌స్పీకరు పెట్టవలసివస్తే “నా పక్కన ఫలానావారున్నారు, వింటున్నారు” అని ముందే తెలియజేయడం, పెద్దలు ఎదుట ఉండగా పిలుపు వస్తే వారి అనుమతి తీసుకొని లేవడం. ఈ అయిదూ వచ్చిన పిల్లవాడు ఇంటికి పోయి తండ్రికి నేర్పుతాడు.

నోరు మంచిదైతే ఊరు మంచిదని సామెత. ఊరంతా ఒకే బస్సులో కూర్చున్నట్లున్న ఈ కాలంలో ఆ సామెతకు విలువ పెరిగినదే గాని తరగలేదు. అద్దాల తలుపులను ఎవరూ తిరిగి తెచ్చిపెట్టలేరు. గొంతు కొంచెం తగ్గించితే ఆ తలుపు చేసిన పని ఎవరికి వారు చేసుకొనవచ్చు.