తొమ్మిది వోల్టుల పెట్టె

మిర్యాలగూడ చుట్టుప్రక్కల గ్రామములలోని ఒక సంఘమునుండి ఇద్దరు పెద్దలు ఒకనాటి ఉదయము గుడ్డసంచితో మా గుమ్మము ముందు నిలిచారు. సంచిలో ఒక ఇనుప డబ్బా ఉన్నది. స్విచ్చిబోర్డు బిగించుటకు గోడలో పాతే డబ్బా మీరందరు ఎరిగినదే, అదే ఇది. పైన రెండు నాబులు, ఒక స్విచ్చి, ప్రక్కలకు గిటారు వైరు గుచ్చుటకు రెండు రంధ్రములు.

"అయ్యగారూ, దీనివల్లనే పిల్లగానికి షాకు కొట్టింది. ఇంక దీన్ని మందిరంల పెట్టనియ్యం. మీరు కూడ వద్దని ఒక మాట చెప్పాలె" అన్నారు.

సంగతి ఏమనగా, యౌవనస్థుల కూడికలో ఆ పిల్లవాడు గిటారు వాయించుచు, పాట ఎత్తుకొనుటకు మైకు దగ్గరకు వంగాడు. పెదవి మైకుకు తగిలినంతనే వెనుకకు విరుచుకొని పడ్డాడు. ఎవరో పరుగెత్తి మెయిన్ తీసివేశారు. దేవుని దయవలన ప్రాణము దక్కినది. పెదవి కాలినది, రెండు దినములు ఆసుపత్రిలో ఉన్నాడు. తండ్రి ఆ డబ్బాను బండకేసి కొట్టబోగా పెద్దలు ఆపి మా యొద్దకు తెచ్చారు. మా యొద్దకే తెచ్చుటకు కారణమున్నది. ఆ డబ్బా తయారీలో మా చేయి కూడా ఉన్నది. కనుక మొదటినుండి చెప్పవలెను.

మన కీర్తనలు హార్మోనియముతో పాడుకొనుటకు అలవాటుపడినవి. హార్మోనియములో మెట్టు నొక్కి పట్టుకొని తిత్తి ఊదుచున్నంత సేపు స్వరము నిలుచును. గిటారు అట్లు కాదు. తీగ మీటగానే శబ్దము పెద్దగా లేచి, వెంటనే తగ్గిపోవుచు కొద్ది క్షణములలో చచ్చిపోవును. కీర్తనలో చరణము చివర సాగదీసి పాడుచోట గిటారు మధ్యలోనే చేతులెత్తివేయును. కోదాడ వైపు సంఘములో గిటారు వాయించే ఒక యువకునికి ఇదే బాధ. "అయ్యగారూ, స్వరం నిలవాలంటే పెడల్ కావాలట. కొనబోతే వేలల్ల ఉన్నది" అన్నాడు. కాలితో నొక్కే పెట్టె గనుక దానికి పెడల్ అని పేరు.

ఆ పెట్టె చేయు పని వినుటకు వింతగా ఉండును గాని కష్టమైనది కాదు. గిటారు తీగల క్రింద పికప్ అనే అయస్కాంతపు చుట్ట ఉండును. అది ఇచ్చే విద్యుత్తు బహు స్వల్పము, మామూలుగా వోల్టులో పదవ వంతు ప్రాంతము. పెట్టెలోని చిప్పు దానిని రెండు వందల రెట్ల వరకు పెంచును. తరువాత ఒకదానికొకటి ఎదురుగా రెండు డయోడులు నేల వైరుకు కట్టబడి ఉండును. శబ్దపు అల ఒక హద్దు దాటి లేచినప్పుడెల్ల ఆ డయోడులు తెరుచుకొని మిగులును నేలకు వదిలివేయును. పొలములో నీరు గట్టు మీదికి లేస్తే తూము గుండా పోయినట్లే. అందుచేత గట్టిగా లేచిన మొదటి శబ్దము, తగ్గిపోవుచున్న చివరి శబ్దము దాదాపు ఒకే ఎత్తున బయటికి వచ్చును. చెవికి స్వరము నిలిచినట్లు తోచును. అల తల నరికినందువలన కొంత గరగర కూడా చేరును. ఆ గరగర ఎంత ఉండవలెనో నాబు తిప్పేవాని బుద్ధిని బట్టి ఉండును.

ఈ శబ్దము పుట్టినది ఒక చెడిపోయిన యంత్రములోనే. అమెరికాలోని నాష్‌విల్ పట్టణములో మార్టీ రాబిన్స్ అనే గాయకుని పాట రికార్డు చేయుచుండగా, గ్రేడీ మార్టిన్ వాయించిన బేసు గిటారు పాడైపోయిన ఒక భాగము గుండా వెళ్లి బొంగురుగా వచ్చినది. 1961లో ఆ పాట అట్లే విడుదలై పేరు పొందినది. అక్కడి ఇంజనీరు గ్లెన్ స్నాడీ ఆ బొంగురునే కావాలని పుట్టించే ట్రాన్సిస్టరు పెట్టెను రూపొందించగా, గిబ్సన్ కంపెనీ 1962లో మాస్ట్రో ఫజ్‌టోన్ అనే పేరుతో అమ్మకానికి పెట్టినది. పెడల్ వంశమునకు అది పెద్ద తాతల వరుస.

మేము చదివినది వేదాంతము, విద్యుత్తు కాదు. అయితే సూర్యాపేటలో మాకు తెలిసిన వృద్ధుడైన రేడియో మెకానిక్ ఒకాయన ఉన్నాడు. యువకుడు ఎక్కడో సంపాదించిన సర్క్యూటు బొమ్మను ఆయన ముందు పెట్టాము. కళ్లద్దములు పైకి జరిపి చూచి, "ఇంతేనా? ఎనిమిది కాళ్ల 741, నాలుగు కండెన్సర్లు. రేడియోలో పదోవంతు కూడ లేదు" అన్నాడు. హైదరాబాదు కోటిలోని గుజరాతీ గల్లీలో సామాను కొన్నాము. సామాను ఖర్చు బస్సు ఛార్జీలకంటె తక్కువైనది. 1ఎన్ 4148 అనే సిలికాను డయోడులు కూడా తెచ్చాము గాని, ఆయన తన పాత డబ్బాలు వెదకి ఓఏ 79 అనే జెర్మేనియం డయోడులు రెండు తీసి ఇచ్చాడు. సిలికాను డయోడు 0.6 వోల్టుల ప్రాంతమున తెరుచుకొనును, జెర్మేనియం 0.2, 0.3 వోల్టులకే. శబ్దము కొంచెము చిన్నదగును గాని గరుకుతనము మెత్తగా ఉండును. మందిరమునకు అదే తగినదని మా అభిప్రాయము.

కాలి స్విచ్చి మాత్రము మా పట్టణములలో దొరకలేదు. పాత టీవీలో ఒకసారి నొక్కితే నిలిచి, మరల నొక్కితే వదిలే ఆరు కాళ్ల పవర్ స్విచ్చి ఉండును గదా, దానినే బిగించాము. పెట్టె ప్లాస్టికు సబ్బుడబ్బాలో పెట్టి చూడగా ట్యూబులైటు గుయ్యిమనే శబ్దమంతా స్పీకరులో వినబడినది. ఇనుప డబ్బాలో పెట్టి, డబ్బాను నేల వైరుకు కలిపిన తరువాత తగ్గినది. స్విచ్చిబోర్డు డబ్బా అట్లు వచ్చినది.

మొదటి పెట్టె అతికించిన రోజున పలుకలేదు. ఇక్కడ మేము చేసిన తెలివితక్కువ పని చెప్పుకొనక తప్పదు. 741కు ఏడవ కాలు వద్ద 9 వోల్టులు, నాలుగవ కాలు వద్ద సున్న, మూడవ, ఆరవ కాళ్ల వద్ద సగము, అనగా 4.5 ఉండవలెను. మా చవక మీటరు మూడవ కాలు వద్ద 2.25 మాత్రమే చూపినది. చిప్పు చెడినదని మార్చాము. మరల అంతే. మూడు చిప్పులు మార్చిన తరువాత మెకానిక్ దగ్గరకు పోతే ఆయన నవ్వాడు. ఆ మూడవ కాలుకు సగము వోల్టేజి 1 మెగాఓమ్ రెసిస్టరు గుండా వచ్చుచున్నది. చవక మీటరు లోపల కూడా 1 మెగాఓమే ఉండును. మీటరు ఆనించగానే ఆ రెండును పంచుకొని సగములో సగము మిగులును. కొలిచేదే కొలతను పడగొట్టుచున్నది! "ఆరో కాలు చూడుండ్రి" అన్నాడు. అక్కడ సరిగా 4.5 ఉన్నది. చిప్పులు మూడును మంచివే.

మరి దోషమెక్కడ? 0.1 మైక్రోఫారడ్ కండెన్సరు ఒకటి తీసుకొని, ఒక కాలును ఆంప్లిఫైయరు లోనికి పోయే వైరు నడిమి తీగకు అతికించి, రెండవ కాలుతో పెట్టెలోని ఒక్కొక్క చోటును తాకించాడు. ఆ వైరు యొక్క నేల తీగను పెట్టె నేలకు కలిపాడు. మమ్మును గిటారు మీటుచుండమన్నాడు. లోపలికి వచ్చే రంధ్రము వద్ద శబ్దమున్నది. మూడవ కాలు వద్ద ఉన్నది. ఆరవ కాలు వద్ద గట్టిగా ఉన్నది. డయోడుల వద్ద ఉన్నది. వాల్యూము నాబు నడిమి కాలు వద్ద లేదు. అక్కడ సీసము గుండ్రముగా పూసవలె నిలిచి, కాలును అంటుకొననే లేదు. డ్రై సోల్డరు. మరల వేడి చేసి ఒక చుక్క వేయగానే పలికినది. శబ్దము ఎక్కడివరకు ఉన్నదో, ఎక్కడ ఆగిపోయినదో ఆ రెంటి మధ్యనే దోషముండును. ఒక్క సంగతి: ఈ పరీక్ష బ్యాటరీతో నడిచే పెట్టెలకే. కరెంటు తిన్నగా వచ్చే ఆంప్లిఫైయరు మూత తీసి వేలు పెట్టవద్దు. వైరు ఊడదీసిన తరువాత కూడా లోపలి పెద్ద కండెన్సర్లు షాకు నిలువ ఉంచుకొనును.

కోదాడ పెట్టె రెండవ ఆదివారమునకే మూగబోయినది. కొత్త బ్యాటరీ వేస్తే పలికినది. మరుసటి ఆదివారమునకు మరల మూగ. అంగడివాడు పాత సరుకు అంటగట్టుచున్నాడని యువకులు అతనితో గొడవకు పోయారు. మేము వెళ్లి చూడగా, ఆరాధన అయిన తరువాత పెట్టెకు గిటారు వైరు గుచ్చి అట్లే వదిలి పోవుచున్నారు. ఈ పెట్టెలలో వైరు గుచ్చినప్పుడే బ్యాటరీ కలిసేటట్లు స్టీరియో సాకెట్టు పెట్టుదురు. వైరు ఉన్నంతసేపు పెట్టె మేలుకొని యుండును. 741 త్రాగేది రెండు మిల్లీ ఆంపియర్ల లోపే, కాని ఆదివారమునుండి ఆదివారమునకు 168 గంటలు! మామూలు తొమ్మిది వోల్టుల బ్యాటరీ ఎంతకని ఓర్చును? అంగడివానికి క్షమాపణ చెప్పించాము. అతడు మంచివాడు, టీ ఇప్పించాడు.

బ్యాటరీ ఖర్చు భరించలేక ఒకరు అడాప్టరు పెట్టగా బుర్రుమనే శబ్దము వచ్చినది. చవక అడాప్టరులో కరెంటు సరిగా వడకట్టబడదు, సెకనుకు 100 అలలు మిగిలిపోవును. 9 అని వ్రాసినను వట్టిగా కొలిస్తే 12 దాటవచ్చును. కొన్నిటికి పిన్ను నడుమ ప్లస్సు, పెడళ్లకు మామూలుగా మైనసు. తారుమారైతే చిప్పు మాడును. మేము బ్యాటరీయే మేలన్నాము. ఆ మాట అన్నందుకు తరువాత సంతోషించాము.

ఎందుకనగా మిర్యాలగూడ వైపు పిల్లవానికి ఇచ్చిన పెట్టె కూడా బ్యాటరీదే. పెద్దలు సంచి తెచ్చిన దినమున మేము మొదట మూత తీసి చూచినది అదే. తొమ్మిది వోల్టులు మనిషిని పడగొట్టవు. అయినను తొందరపడి మాటాడక, ఎరిగిన ఎలక్ట్రీషియనును వెంటబెట్టుకొని ఆ గ్రామము వెళ్లాము. తండ్రిని కూడా రమ్మన్నాము. ఆయన వచ్చి చేతులు కట్టుకొని దూరముగా నిలిచాడు.

పెట్టెను పక్కన పెట్టి, గిటారును తిన్నగా ఆంప్లిఫైయరుకు కలిపి, ఎవరును ముట్టకుండ ఎలక్ట్రీషియను తీగకు టెస్టరు ఆనించాడు. వెలిగినది. టెస్టరు ఒక్కొక్కప్పుడు ఊరకే కూడా వెలుగునని, ఆయన హోల్డరులో బల్బు పెట్టి, రెండు వైర్ల కొనలు గిటారు తీగకు, మైకు జాలీకి తాకించాడు. బల్బు నిండుగా వెలిగినది. పెట్టె గుడ్డసంచిలోనే ఉన్నది.

మెయిన్ తీసి ఆంప్లిఫైయరు మూత విప్పగా, లోపల ఫేజు వైరు తొడుగును ఎలుక కొరికినది. రాగి వెళ్లి ఇనుప చట్రమునకు తగులుచున్నది. గిటారు తీగలు వైరు ద్వారా ఆ చట్రమునకే కలిసి యుండును. ప్లగ్గుకు మూడు పిన్నులున్నవి గాని, పందిటిలో వాడిన ఎక్స్‌టెన్షన్ బోర్డులో మూడవ రంధ్రమునకు వైరే లేదు. ఎర్తు ఉండియుంటే ఆ క్షణమే ఫ్యూజు పోయేది. మైకుది వేరొక ఆంప్లిఫైయరు, దానికి గోడలోని సాకెట్టు నుండి ఎర్తు ఉన్నది. పిల్లవాడు చెప్పులతో జంఖానా మీద నిలిచినంతసేపు ఏమియు తెలియలేదు. ఒకవైపు వ్రేళ్లు తీగల మీద, మరొకవైపు పెదవి మైకు మీద. నడుమ అతని దేహము. స్కాట్లాండు గిటారు వాద్యకారుడు లెస్లీ హార్వే 1972 మే 3న స్వాన్సీ పట్టణములో వేదికమీద ఎర్తు సరిలేని మైకును తాకి మరణించాడు. మన పిల్లవానికిని ఆ ఘడియ దగ్గరకే వచ్చినది.

ఫేజు వైరు మార్పించి, బోర్డుకు మూడవ వైరు వేయించి, మందిరపు మెయిన్ వద్ద 30 మిల్లీ ఆంపియర్లకే తెగిపోయే ఆర్.సి.సి.బి. బిగించునట్లు పెద్దలు అక్కడికక్కడే ఒప్పుకొన్నారు. గరగర శబ్దము ఆరాధనకు తగునా అని వారిలో ఒకరు ఇంకను సణిగాడు. అది వేరొక చర్చ; నాబు సగము కంటె తిప్పకూడదని మాత్రము పిల్లవానికి చెప్పాము.

తండ్రి ఇంతసేపు మాటాడలేదు. బల్బును చూచి, పెట్టెను చూచి, ఎలక్ట్రీషియనును అడిగాడు: "అన్నా, మా బోరు కాడ స్టార్టరు డబ్బా ఉన్నది. దానికి కూడ రెండే వైర్లు కాకుండ ఎర్తు ఉండాల్నా?" మోటరుకు ఫేజులు మూడున్నను ఎర్తు వేరే ఉండవలెనని ఆయన చెప్పాడు. "మాకు లేదు. వానల్ల ముట్టుకుంటే జివ్వుమంటది. పిల్లగాడే పొద్దుగాల పొయ్యి వేస్తడు" అన్నాడు.

మధ్యాహ్న భోజనము మానుకొని నలుగురము పొలమునకు నడిచాము. స్టార్టరు డబ్బా మీద టెస్టరు వెలిగినది. పిల్లవాడు పార తెచ్చాడు. బోరు ప్రక్కన గుంట త్రవ్వి, పైపు నిలిపి, బొగ్గు, ఉప్పు పొరలుగా వేసి, నీళ్లు పోసేసరికి ప్రొద్దు గూకినది.