పాతిక శాతం బరువెంత?

ఏటా ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ దగ్గరపడే రోజుల్లో తల్లిదండ్రులు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది. "మావాడికి సెట్‌లో పక్కింటి అబ్బాయి కంటే మూడు మార్కులు ఎక్కువొచ్చాయి. ర్యాంకు మాత్రం వెనకుంది. ఎక్కడో పొరపాటు జరిగిందంటారా?"

పొరపాటేమీ జరగలేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఈఏపీసెట్ ర్యాంకు ఒక్క పరీక్ష మార్కుల మీద రాదు. అందులో ఇంటర్ మార్కుల వెయిటేజీ (తుది లెక్కలో ఒక పరీక్షకు ఇచ్చే బరువు) 25 శాతం ఉంటుంది. మిగతా 75 శాతం సెట్‌ది. తెలంగాణ ఎప్‌సెట్‌లో ఈ పద్ధతి లేదు. అక్కడ సెట్ మార్కులే ర్యాంకు. అందుకే ఆ ఇద్దరు పిల్లలు అవే మార్కులు తెలంగాణలో తెచ్చుకుని ఉంటే వాళ్ల వరుస తారుమారయ్యేది.

రెండు రాష్ట్రాలదీ ఒకే మూలం. 1986లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఎంసెట్ నుంచే రెండూ వచ్చాయి. రాష్ట్రం విడిపోయాక కూడా కొన్నేళ్లు రెండుచోట్లా ఇంటర్‌కు 25 శాతం బరువే నడిచింది. దారులు వేరైంది కొవిడ్ తర్వాత. 2021లో ఇంటర్ రెండో ఏడాది పరీక్షలు రద్దయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో పదో తరగతి మార్కులకు 30 శాతం, ఇంటర్ మొదటి ఏడాది మార్కులకు 70 శాతం చొప్పున తీసుకుని ఫలితాలు కట్టారు. తెలంగాణలో మొదటి ఏడాది మార్కులనే రెండో ఏడాదికీ వేశారు. అలా వచ్చిన మార్కులను ర్యాంకులో కలపడం న్యాయం కాదు కాబట్టి 2021లోనూ 2022లోనూ రెండు రాష్ట్రాలూ వెయిటేజీని పక్కనపెట్టాయి. 2023లో ఆంధ్రప్రదేశ్ దాన్ని తిరిగి తెచ్చింది. తెలంగాణ అదే ఏడాది శాశ్వతంగా తీసేసింది. ఇప్పుడు తెలంగాణలో ఇంటర్ మార్కులు అర్హతకే పనికొస్తాయి. గ్రూపు సబ్జెక్టుల్లో 45 శాతం ఉండాలి, రిజర్వేషన్ వర్గాలకు 40 శాతం చాలు. ఆ గడప దాటితే 46 శాతం వచ్చినవారూ 99 శాతం వచ్చినవారూ ఒకటే.

ఇక లెక్క చూద్దాం. కాస్త ఓపిక పడితే ఎవరికైనా అర్థమయ్యేదే.

ఇంజినీరింగ్ సెట్ 160 మార్కులకు. గణితం 80, భౌతికశాస్త్రం 40, రసాయనశాస్త్రం 40. ఇంటర్‌లో ఇవే మూడు సబ్జెక్టులకు, రెండేళ్లవీ ప్రాక్టికల్సూ కలిపి, ఇన్నాళ్లూ నడిచిన పద్ధతిలో 600 మార్కులు. సెట్ మార్కులను 75కు కుదిస్తారు. ఇంటర్ మార్కులను 25కు కుదిస్తారు. రెండూ కూడితే వందకు ఒక స్కోరు వస్తుంది. ర్యాంకు దాని మీదే.

పక్కింటి అబ్బాయికి సెట్‌లో 92, ఇంటర్‌లో 588 వచ్చాయనుకుందాం. 92 మార్కులు 75కు కుదిస్తే 43.13. 588 మార్కులు 25కు కుదిస్తే 24.5. మొత్తం 67.63. మనవాడికి సెట్‌లో 95, ఇంటర్‌లో 540. కుదిస్తే 44.53, 22.5. మొత్తం 67.03. సెట్‌లో మూడు మార్కులు ముందున్నా ఇంటర్‌లో 48 మార్కులు వెనకబడటంతో మొత్తం మీద తగ్గిపోయాడు.

ఈ లెక్కలోంచి గుర్తుపెట్టుకోదగిన అంకె ఒకటి తేలుతుంది. సెట్‌లో ఒక మార్కు విలువ ఇంటర్‌లో 11.25 మార్కులు. ఇంటర్ పేపర్ల మార్కుల పంపకం మారితే ఈ అంకె కొంచెం మారుతుంది కానీ, లెక్క కట్టే తీరు ఇదే. మొదటి ఏడాది మార్కులు పెంచుకోవడానికి ఇంప్రూవ్‌మెంట్ రాయాలా వద్దా అని తర్జనభర్జన పడేవాళ్లకు ఇది పనికొస్తుంది. ముప్పై మార్కులు పెరుగుతాయన్న నమ్మకం ఉంటే అది సెట్‌లో రెండున్నర ప్రశ్నలకు కాస్త ఎక్కువ. ఆ చదువుకు పట్టే రోజుల్లో సెట్‌కు తయారైతే అంతకంటే ఎక్కువ వస్తాయా అన్నది ఎవరికి వారే చూసుకోవాలి.

ఇంతవరకూ సులువే. అసలు సంగతి ఇక్కడి నుంచి మొదలవుతుంది. 25 శాతం అని కాగితం మీద రాసినంత మాత్రాన ఇంటర్‌కు 25 శాతం బరువు రాదు. ఒక పరీక్ష ర్యాంకును ఎంత కదిలిస్తుందన్నది దానికి ఇచ్చిన శాతంతో పాటు అందులో పిల్లల మార్కులు ఒకరికొకరికి ఎంత ఎడంగా ఉన్నాయన్నదాన్ని బట్టి ఉంటుంది. అందరికీ ఒకే మార్కులు వచ్చే పరీక్షకు 90 శాతం బరువిచ్చినా ఎవరి ర్యాంకూ కదలదు. అందరికీ సమానంగా కలిసిన మార్కు ఎవరినీ ముందుకు తోయదు, వెనక్కి లాగదు.

ప్రాక్టికల్స్ సంగతే చూడండి. భౌతిక, రసాయన శాస్త్రాల్లో చెరి ముప్పై. వాటిలో చాలామందికి ముప్పైకి ముప్పై, కాకపోతే ఒకటి రెండు తక్కువ వస్తాయని జూనియర్ కాలేజీ అధ్యాపకులందరికీ తెలుసు. ఆరువందల్లో ఆ అరవై మార్కులూ ర్యాంకు విషయంలో దాదాపు బరువులేనివే.

ఇప్పుడు రెండు గుంపులను ఊహించుకోండి. మొదటి గుంపు బాగా చదివే పిల్లలది. ఇంటర్‌లో వాళ్లకు 590 నుంచి 598 దాకా ఉన్నాయి. పైవాడికీ కిందివాడికీ తేడా 8 మార్కులు. కుదిస్తే 0.33. అంటే సెట్‌లో ఒక్క మార్కు విలువ కూడా కాదు. ఈ గుంపులో ర్యాంకును తేల్చేది దాదాపు పూర్తిగా సెట్టే. వెయిటేజీ ఉన్నా లేకున్నా వాళ్లకు పెద్ద తేడా రాదు. రెండో గుంపు మధ్యస్థాయి పిల్లలది. ఇంటర్‌లో 420 నుంచి 580 దాకా పరుచుకుని ఉన్నారు. తేడా 160 మార్కులు. కుదిస్తే 6.67, అంటే సెట్‌లో 14 మార్కుల పైమాట.

ఈ మధ్యగుంపులోనే సెట్ మార్కులు దగ్గర దగ్గరగా ఉంటాయి. కారణం పరీక్ష స్వభావంలోనే ఉంది. 160 ప్రశ్నలు, ఒక్కోదానికి నాలుగు జవాబులు, తప్పు రాస్తే మార్కులు కోసే నియమం లేదు. కళ్లు మూసుకుని ఏదో ఒక జవాబు గుర్తిస్తూ పోయినా సగటున 40 వస్తాయి. సెట్‌లో అర్హతకు పెట్టిన హద్దు కూడా 25 శాతం, అంటే సరిగ్గా 40 మార్కులే. ఆ హద్దుకు కాస్త ఎగువన జనం కిక్కిరిసి ఉంటారు. ఒక్క మార్కు తేడాలో వందల మంది, వేల మంది. అక్కడ 14 మార్కుల విలువైన ఎత్తుపల్లం అంటే మామూలు విషయం కాదు. పాతిక శాతం వెయిటేజీ పైనున్నవారికి నామమాత్రం, మధ్యలో ఉన్నవారికి జాతకం. ఇది చర్చల్లో దాదాపు ఎప్పుడూ వినపడదు. ఉంచాలా తీసేయాలా అన్న వాదనంతా తొలి వందమంది ర్యాంకుల చుట్టే తిరుగుతుంది. నిజానికి ఆ నిర్ణయం తగిలేది జిల్లా కేంద్రంలోని కాలేజీలో సీటు దొరుకుతుందా లేదా అని చూసుకునే పిల్లలకు.

ఇంటర్ మార్కులు కలపడానికి ముందే సెట్ మార్కుల మీద ఇంకో లెక్క జరుగుతుంది. 2018 నుంచి రెండు రాష్ట్రాల్లోనూ సెట్ కంప్యూటర్ల మీద, పలు రోజుల్లో, ఉదయం ఒక పూట మధ్యాహ్నం ఒక పూటగా నడుస్తోంది. ఏ పూటకు ఆ పూట ప్రశ్నపత్రం వేరు. ఒకటి కష్టంగా, ఒకటి తేలిగ్గా ఉండకుండా చూడటం ఎవరి తరమూ కాదు. అందుకే నార్మలైజేషన్ (వేర్వేరు పూటల మార్కులను ఒకే కొలతకు తేవడం) చేస్తారు. గేట్ పరీక్షలో వాడే బాణీలోనే ఇక్కడా ప్రతి పూటకూ రెండు గుర్తులు చూస్తారు. ఒకటి, ఆ పూట సగటుకు దాని ప్రామాణిక విచలనాన్ని (మార్కులు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) కలిపితే వచ్చే అంకె. రెండోది, ఆ పూట అగ్రశ్రేణిలో నిలిచిన 0.1 శాతం పిల్లల సగటు. పూటలన్నీ కలిపి కూడా ఇవే రెండు గుర్తులు తీస్తారు. పూట తాలూకు గుర్తులను మొత్తం తాలూకు గుర్తుల మీదికి జరిపి, మధ్య దూరాన్ని సాగదీయడమో కుదించడమో చేస్తారు.

ఊహా అంకెలతో చూద్దాం. కష్టమైన పూటలో ఆ రెండు గుర్తులూ 55, 125. మొత్తం మీద 62, 139. పూటలో దూరం 70, మొత్తం మీద 77. అంటే ఆ పూట ఒక మార్కు 1.1 మార్కులవుతుంది. అక్కడ 85 తెచ్చుకున్న పిల్ల కింది గుర్తు కంటే 30 పైన ఉంది. ఆ 30 ఇప్పుడు 33. దాన్ని 62కు కలిపితే 95. ఎవరో దయతలచి వేసిన మార్కులు కావివి. తన పూటలో తను ఎక్కడ నిలబడిందో ఆ స్థానాన్ని అందరి మధ్యా నిలబెట్టడం. తేలిక పూట రాసినవారికి ఇదే లెక్కలో మార్కులు తగ్గుతాయి. అప్పుడు బాధపడటం సహజం కానీ, మోసపోయామనుకోనక్కర్లేదు.

జేఈఈ మెయిన్‌లో దారి వేరు. అక్కడ మార్కులను సాగదీయరు. పర్సెంటైల్ (వందమందిలో మనతో సమానంగా గానీ మన వెనక గానీ ఎందరున్నారో చెప్పే అంకె) చూస్తారు. దీన్ని మార్కుల శాతంతో కలిపేసుకునేవారు చాలామంది. 95 పర్సెంటైల్ అంటే వందకు 95 మార్కులు కాదు. పది లక్షల మంది రాస్తే ఇంకా యాభై వేల మంది ముందున్నారని అర్థం. 99కీ 98కీ మధ్య పదివేల మంది ఉంటారు. అందుకే దాన్ని ఏడు దశాంశాల దాకా లెక్కకడతారు.

ఇంటర్ మార్కులను కలిపే ప్రయోగం జేఈఈ మెయిన్ కూడా చేసింది. 2013 నుంచి 2016 వరకు ఎన్‌ఐటీల ర్యాంకులో బోర్డు మార్కులకు 40 శాతం బరువుండేది. దేశంలో బోర్డులు అనేకం, ఒక్కోదాని ధోరణి ఒక్కోరకం. కాబట్టి ముందు ప్రతి బోర్డు మార్కులనూ పర్సెంటైల్‌గా మార్చాల్సి వచ్చేది. అన్ని బోర్డుల ఫలితాలూ చేరేదాకా ర్యాంకులు ఆగేవి. 2017లో ఆ పద్ధతి వదిలేశారు. తమిళనాడు దీనికి పూర్తిగా ఎదురు దారిలో వెళ్లింది. 2006లో చట్టం చేసి ఇంజినీరింగ్‌కు ప్రవేశ పరీక్షే ఎత్తేసింది. అక్కడ పన్నెండో తరగతి మార్కులే ప్రమాణం: గణితం 100, మిగతా రెండూ చెరి 50, మొత్తం 200. కోచింగ్ స్తోమత లేని గ్రామీణ విద్యార్థికి ఇది మేలన్నది వారి వాదన. దానికి చెల్లించే మూల్యం ఒకటుంది. పైన ఎందరో ఒకే మార్కుల దగ్గర నిలిచిపోతారు. గణితం, భౌతికశాస్త్రం, పుట్టినతేదీ వంటివి వరుసగా చూసి, అప్పటికీ తేలకపోతే కంప్యూటర్ ఇచ్చే యాదృచ్ఛిక సంఖ్యే గతి.

కేరళలో 2025లో జరిగింది మనం శ్రద్ధగా చూడాలి. అక్కడ ప్రవేశ పరీక్షకూ ప్లస్ టూ మార్కులకూ చెరి సగం బరువు. వేర్వేరు బోర్డుల మార్కులను ఒక కొలతకు తెచ్చే సూత్రం వల్ల తాము నష్టపోతున్నామని రాష్ట్ర సిలబస్ పిల్లలు చాలాకాలంగా అంటున్నారు. ఆ ఫిర్యాదులో పస లేకపోలేదు. కానీ ప్రభుత్వం సూత్రాన్ని మార్చింది పరీక్ష అయిపోయాక, ఫలితాలకు కాస్త ముందు. జూలై 1న ర్యాంకులు వచ్చాయి. 9న హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం ఆ మార్పును కొట్టేసింది. 10న డివిజన్ బెంచ్ ప్రభుత్వ అప్పీలును తోసిపుచ్చింది. పాత సూత్రంతో జాబితా మళ్లీ వేశారు. మొదటి ర్యాంకే చేతులు మారింది. పిల్లల జవాబుల్లో ఒక్క అక్షరం మారలేదు. వాటిని తూచే తక్కెడ మారింది, అంతే.

నా మటుకు నాకు ఆంధ్రప్రదేశ్ పద్ధతిలోనూ తెలంగాణ పద్ధతిలోనూ అన్యాయం కనపడదు. వెయిటేజీ ఉంచితే రెండేళ్ల చదువుకు, రాసి చూపే జవాబుకు విలువ ఉంటుంది. ఒక్క పూట జ్వరమొచ్చినా ఆ పిల్లకు ఇంకో ఆధారం ఉంటుంది. తీసేస్తే వేర్వేరు బోర్డుల పిల్లలను ఒకే పరీక్షతో చూడొచ్చు. మూల్యాంకనంలో దిద్దేవారి చేయి తేడా ర్యాంకుకు అంటదు. ఏది ఎంచుకున్నా అది ఇంటర్ మొదటి ఏడాదిలో చేరేనాటికే పిల్లలకు తెలిసి ఉండాలి. మధ్యలో మార్చడమే అన్యాయం.

సెట్ నిర్వాహకులకు ఒక విన్నపం. ర్యాంకు కార్డుతో పాటు ఇంకో పేజీ ప్రచురించండి. ప్రతి పూట సగటు, ప్రామాణిక విచలనం, అగ్రశ్రేణి సగటు అందులో ఉండాలి. ఆంధ్రప్రదేశ్‌లోనైతే ఇంటర్ మార్కులు ఏ స్థాయిలో ఎందరికి ఉన్నాయో కూడా ఉండాలి. అంకెలన్నీ మీ దగ్గర ఉన్నవే. ఆ పేజీ చేతిలో ఉంటే, మూడు మార్కులు ఎక్కువొచ్చినా ర్యాంకు ఎందుకు తగ్గిందో ఆ తండ్రి తన ఇంట్లోనే కాగితం మీద లెక్క వేసి చూసుకుంటాడు.