తిరిగి పెరగని పొర

మేడ్చల్ సమీపాన దుండిగల్‌లో వైమానిక దళ అకాడమీ ఉంది. శామీర్‌పేటకు వెళ్ళే దారిలో హకీంపేట వైమానిక స్థావరం ఉంది. తలపై విమానాలు ఎగురుతుండగా చదువుకొనే ఈ ప్రాంత విద్యార్థులలో ఆ దళంలో చేరాలని కోరుకొనేవారు ఉండడం సహజం. హ్రస్వదృష్టి గలవారు లేసర్ చికిత్సతో కళ్ళద్దాలను వదిలించుకోవచ్చునని ఆశపడతారు. కాని ఇరవై ఏండ్లు నిండకముందే ఆ చికిత్స చేయించుకొన్నవారిని వైమానిక దళపు వైద్య నియమాలు అంగీకరించవు. ఈ నియమానికి శాస్త్రీయమైన ఆధారం ఉంది.

హ్రస్వదృష్టి గలవారి కనుగుడ్డు సాధారణంగా కొంత పొడవుగా ఉంటుంది. అందువలన దూరవస్తువుల ప్రతిబింబం రెటీనాకు ముందే ఏర్పడుతుంది. లేసర్ కనుగుడ్డు పొడవును తగ్గించదు. కంటి ముందుండే పారదర్శకమైన పొరను, అనగా కార్నియాను చెక్కి దాని వంపును తగ్గిస్తుంది. ఎక్సైమర్ లేసర్ చుట్టుపక్కల భాగాన్ని కాల్చకుండానే జీవకణజాలాన్ని తొలగించగలదని 1981లో కనుగొన్న శాస్త్రవేత్తలలో మద్రాసు విశ్వవిద్యాలయంలో చదివిన రంగస్వామి శ్రీనివాసన్ ఒకరు. సాధనం అద్భుతమైనదే. అయితే చెక్కిన పొర మరల పెరగదు.

కార్నియా మధ్యభాగపు మందం దాదాపు 540 మైక్రాన్లు, అనగా అర మిల్లీమీటరుకు కొంచెం ఎక్కువ. లేసిక్ పద్ధతిలో మొదట సుమారు 110 మైక్రాన్ల పైపొరను మూతవలె పైకెత్తుతారు. దాని అడుగున ఒక్కొక్క డయాప్టరుకు రమారమి 14 మైక్రాన్లు తొలగిస్తారు. కార్నియా మందం 480 మైక్రాన్లే ఉన్న వ్యక్తికి తొమ్మిది డయాప్టర్ల దోషం ఉన్నదనుకొందాం. అతనికి అడుగున మిగిలేది 244 మైక్రాన్లు. కనీసం 250 అయినా మిగలాలన్నది వైద్యులు పాటిస్తూ వచ్చిన హద్దు. అంతకన్న పలుచబడిన కార్నియా కంటి లోపలి ఒత్తిడికి క్రమంగా ముందుకు ఉబ్బవచ్చు. దీనిని ఎక్టేసియా అంటారు. ఇది అరుదే, కాని వచ్చినవారిలో కొందరికి కళ్ళద్దాలతో కూడ చూపు సరికాదు, కార్నియా మార్పిడి అవసరమయ్యే సందర్భాలూ ఉన్నాయి. కార్నియా శంకువువలె మారే కెరటోకోనస్ వ్యాధి యౌవనంలోనే బయటపడుతుంది. ఆ లక్షణాలున్న కంటిని చెక్కితే ప్రమాదం అధికం. అందుచేత శస్త్రచికిత్సకు ముందు కార్నియా ఆకృతిని యంత్రంతో పటం గీసి పరిశీలిస్తారు.

తరచుగా కనిపించే ఇబ్బంది కన్ను పొడిబారడం. కార్నియాలోని సన్నని నరాలు తెగడం వలన కన్నీరు తగ్గుతుంది. కొందరిలో ఇది నెలల తరబడి ఉంటుంది. చీకటిలో కంటిపాప విశాలమై, చెక్కిన భాగానికి అంచున ఉన్న కాంతిని కూడ లోనికి రానిస్తుంది. నాగపూర్ రహదారిపై రాత్రివేళ ఎదురుగా వచ్చే లారీ దీపాల చుట్టూ వలయాలు కనిపించడం ఇందువలననే. ప్రకటనలలో ఈ రాత్రుల ప్రస్తావన ఉండదు.

పదిహేడేండ్ల వయసులో కనుగుడ్డు ఇంకా పొడవు పెరుగుతూ ఉండవచ్చు. అప్పుడే చెక్కిస్తే దోషం తిరిగి వస్తుంది. రెండవసారి చెక్కడానికి తగినంత పొర మిగలకపోవచ్చు. అందుకే పద్దెనిమిది నిండి, కనీసం ఏడాదిపాటు అద్దాల సంఖ్య మారకుండా ఉండాలని వైద్యులు కోరతారు. చికిత్స తరువాత కూడ కన్ను పొడవైన కన్నుగానే ఉంటుంది కనుక రెటీనా ఊడే ప్రమాదం తొలగదు. కంటిలో హఠాత్తుగా మెరుపులు మెరిసినా, నల్లని చుక్కలు తేలినా అదే రోజు నేత్రవైద్యునికి చూపించాలి.