నేలకింద గదికి ఎత్తెంత?

మా తిరుపతిలో స్థలాన్ని అంకణాలతో కొలుస్తారు. ఆరడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు ఉంటే ఒక అంకణం. ఏ వీధిలో అంకణం ఎంత పలుకుతున్నదో అడగండి, కాఫీ తాగుతూనే చెప్పేస్తారు. ఇంటి ఎత్తు ఎంతని అడిగితే మాత్రం "మామూలే నండీ, మేస్త్రీకి తెలుసు" అంటారు.

ఈ మామూలు చిక్కు తెచ్చిపెట్టేది నేలకింది గదితోనే. కొండ దాపున నేల ఏటవాలు. ముందు గుమ్మం వీధికి సమంగా ఉంటే, వెనుకవైపు పునాది మనిషెత్తు లేస్తుంది. ఆ ఖాళీని మట్టితో పూడ్చడమెందుకని శ్లాబు వేసి సెల్లారు అంటారు. మొదట సిమెంటు బస్తాలు, తరువాత విరిగిన మంచం అక్కడ చేరతాయి. కొన్నాళ్ళకు "దీన్నే గదిగా చేసుకొంటే?" అన్న ఆలోచన పుడుతుంది.

మా వీధిలో ఒక రిటైర్డు పోస్టుమాస్టరు గారికి ఈ ఆలోచన కలిగింది. ఎనభై దాటిన వారి తల్లి మేడ మెట్లు ఎక్కలేదు. కింద సెల్లారును గదిగా మార్చి ఆవిడకివ్వాలని టైల్సు కూడా కొన్నారు. నిబంధన కాగితంలో ఒక మాటకు అర్థం కుదరక నాకు కబురంపారు. తెలుగు చెప్పుకొనేవాడికి శ్లాబులతో ఏమి పని అనకండి. సూత్రానికి వ్యాఖ్యానం చెప్పడమే కదా మా వృత్తి!

నేషనల్ బిల్డింగ్ కోడ్ అని ఇంజనీర్లు చెప్పుకొనే గ్రంథం మనుషులు నివసించే గదికి 2.75 మీటర్ల ఎత్తు ఉండాలంటుంది. అంటే తొమ్మిదడుగుల పైన ఒక పిసరు. దూలం కింద 2.4 మీటర్లు, అంటే ఏడడుగుల పదిన్నర అంగుళాలు ఉండాలి. కీలకమంతా ఎక్కడినుంచి ఎక్కడికి కొలవాలన్న దానిలో ఉన్నది. పూర్తయిన నేలనుంచి పైకప్పులో అన్నిటికన్నా కిందికి దిగిన చోటువరకు కొలవాలి.

టేపు పట్టాము. మట్టినేలనుంచి శ్లాబుకు తొమ్మిదడుగుల రెండంగుళాలు! పోస్టుమాస్టరు గారి ముఖం వెలిగింది. కాని కాంక్రీటు పరుపు, టైల్సు కలిసి మూడంగుళాలు తింటాయి. మిగిలింది ఎనిమిదడుగుల పదకొండు. పైయింటి స్నానాలగది గొట్టాలు కనబడకుండా ఫాల్సు సీలింగు వేస్తే మరి ఆరంగుళాలు పోతాయి. మధ్యనున్న దూలం పదిహేనంగుళాలు వేలాడుతున్నది. దాని కింద టైల్సు పరిచాక మిగిలేది ఏడడుగుల ఎనిమిది. రెండున్నర అంగుళాలు తక్కువ. ఇక ఫ్యాను తగిలిస్తే దుప్పటి విదిలించడానికైనా భయపడాలి.

పాతకాలపు మట్టి మిద్దెలు ఎత్తుగా ఉండేవా అనవచ్చు. ఉండేవి కావు. అయితే వాటికి నడినెత్తిన గవాచి ఉండేది. వేడిగాలీ వంటింటి పొగా అందులోంచి పైకి పోయేవి. సెల్లారు నెత్తిన ఇంకొక ఇల్లే ఉన్నది, గవాచి ఎక్కడ పెడతాం?

"ఒక అడుగు లోతుకు తవ్వితే సరిపోలా?" అన్నాడు మేస్త్రీ. అసలు ప్రమాదం అక్కడే. పునాదిని ఆనుకొని గట్టిపడిన మన్నే గోడను నిలబెడుతున్నది. దాన్ని తోడితే పైయిల్లంతా ప్రశ్నార్థకమవుతుంది. ఇంజనీరు చూడకుండా పార పట్టకూడదు.

ఇక నీటి సంగతి. 2021 నవంబరు వానలకు తిరుపతి వీధులు ఏరులైనప్పుడు శ్రీకృష్ణానగర్‌లో ఒక వింత జరిగింది. ఒక ఇల్లాలు సిమెంటు ఒరలతో కట్టిన భూగర్భపు నీటితొట్టిలో దిగి శుభ్రం చేస్తూండగా ఆ తొట్టి కాస్తా భూమిలోంచి పైకి లేచింది. ఆవిడ ప్రాణాలతో బయటపడింది. జనం విరగబడి చూశారు. చుట్టూ మన్ను నీటితో నిండి, తొట్టి లోపల ఖాళీ అయితే, నీరు దాన్ని పడవలాగా పైకి తోస్తుంది. సెల్లారుకూ అదే ఒత్తిడి. ఇల్లు బరువు గనుక లేవదు గాని, నేల చిట్లి నీరు ఊరుతుంది. లోతు పెంచినకొద్దీ ఆ ఒత్తిడీ పెరుగుతుంది.

కాగితం చివరివరకూ చదివితే అసలు మాట కనబడింది. ఎత్తు సరిపోయినా సెల్లారును సామానుకూ, బండ్లకూ వాడుకోవలసిందే గాని పడకకు వాడరాదు. 2024 జూలైలో ఢిల్లీలోని ఓల్డ్ రాజేందర్ నగర్‌లో సామానుకని అనుమతి పొందిన సెల్లారులో చదువుల గది నడిపారు. వాననీరు ఒక్కసారిగా లోపలికి రావడంతో ముగ్గురు విద్యార్థులు చనిపోయారు. వారిలో ఒకమ్మాయి తెలంగాణ బిడ్డ.

"మరి ఇంతసేపూ కొలిచిందెందుకు మాస్టారూ?" అన్నారు పోస్టుమాస్టరు గారు, కొంచెం నిష్ఠూరంగానే.

నేను జవాబు వెతుక్కొంటూండగా పెద్దావిడ లోపలినుంచి కేకేసింది: "నేనేమన్నా రాగులా రా, నన్ను పాతర్లో పెట్టేదానికి?"

దానితో వాదం ముగిసింది. ముందువైపు వసారాకు కిటికీలు పెట్టి గది చేశారు. అక్కడ శ్లాబు పదడుగుల ఎత్తున ఉన్నది. గుమ్మం మూడు మెట్లపై వాలుబాట పోశారు. కొన్న టైల్సు అక్కడికే సరిపోయాయి, నాలుగు మిగిలాయట. వీధిలో ఎవరు ఎటు పోతున్నదీ ఇప్పుడు ఆవిడకు తెలియకుండా ఉండదు.