రబ్బరు ఎర్ర ఎట్లా తయారవుతుంది?

మొన్న ఎండాకాలం సెలవుల్లో మా బాపు పెద్దవాగులో గాలం వేసి ఒక కొర్రమట్టను పట్టుకొచ్చాడు. అమ్మ దాన్ని కోస్తుంటే కడుపులో నుంచి గులాబీ రంగు పురుగు ఒకటి బయటికి వచ్చింది. వేలంత పొడుగు ఉంది. తోక సన్నగా మెలి తిరిగి ఉంది. కత్తితో కదిపితే మెత్తగా ఊగింది, కానీ తెగలేదు. "ఇదేం రోగమో" అని అమ్మ ఆ చేపను వండలేదు. ఆ పూట అందరం పచ్చిపులుసుతోనే తిన్నాం.

బాపు చూసి నవ్విండు. పట్నం నుంచి సరదాకు గాలం వేసేవాళ్లు వస్తారు, ఇది వాళ్ల ఎర, చేప గాలం నుంచి పీక్కొని మింగి ఉంటది అన్నాడు. నేను దాన్ని కడిగి హాస్టలుకు తెచ్చి సైన్సు సారుకు చూపించాను. సారు చెప్పింది, నాకు అర్థమైనంత వరకు రాస్తున్నాను.

మనం గాలానికి ఎర్రలు గుచ్చుతాం. కొర్రమట్టకైతే చిన్న కప్పను గుచ్చుతాం. కొర్రమట్ట వేటాడే చేప. దాని ముందు ఏదైనా కదిలితే చాలు, ఎగబడుతుంది. అందుకే దొంగ ఎర్రకు కూడా మోసపోతుంది. దారం లాగినప్పుడు ఆ మెలి తోక నీళ్లలో నిజం పురుగులాగా ఆడుతుంది. నోట్లో పెట్టుకున్నాక వెంటనే ఉమ్మెయ్యకుండా కొందరు అందులో ఉప్పు కూడా కలుపుతారట!

దీన్ని అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని అక్రన్ అనే ఊరిలో నిక్ క్రీమ్ అనే ఆయన 1949లో తన ఇంటి వంటగదిలోనే తయారు చేశాడు. నిజం ఎర్రతో అచ్చు తీసి, అందులో ప్లాస్టిక్ పోశాడు. ఇప్పటికీ చాలామంది ఇంట్లో చేసుకుంటారు.

అచ్చు అంటే మనకు కొత్త కాదు. మన దిక్కు ఉషేగాం, కేస్లగూడలో ఓజావాళ్లు ఇత్తడి గంటలు, బొమ్మలు పోస్తారు కదా. మైనంతో బొమ్మ చేసి, పైన మట్టి పూసి కాలుస్తారు. మైనం కరిగి పోయిన జాగాలో కరిగిన ఇత్తడి పోస్తారు. తర్వాత మట్టిని పగలగొట్టాలి. అంటే ఒక అచ్చుకు ఒక్కటే బొమ్మ. ఈ ఎర్ర అచ్చు అట్లా కాదు. అల్యూమినియంతో రెండు బిళ్లలు ఉంటాయి. ఒక్కొక్క దాంట్లో సగం పురుగు ఆకారం తొలిచి ఉంటుంది. రెండూ కలిపి బిగిస్తే లోపల పురుగంత ఖాళీ, పైన ఒక చిన్న రంధ్రం. విప్పి మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు.

పోసే ద్రవం పేరు ప్లాస్టిసాల్. చూడడానికి పాలలాగా ఉంటుంది. దాన్ని సుమారు 175 డిగ్రీల దాకా వేడి చేస్తే ముందు గడ్డకట్టినట్టయి, తర్వాత పారదర్శకంగా పాకంలాగా అవుతుంది. అప్పుడు రంగు, మెరుపు పొడి కలిపి, పెద్ద సిరంజీలాంటి దాంతో పీల్చి అచ్చు రంధ్రంలోకి నెమ్మదిగా ఎక్కిస్తారు. వెంటనే సిరంజీ తీసెయ్యకూడదు. చల్లారేటప్పుడు ప్లాస్టిక్ కుంచించుకుపోతుంది కాబట్టి కాసేపు ఒత్తి పట్టాలి. లేకుంటే పురుగుకు సొట్ట పడుతుంది. కొన్ని నిమిషాల తర్వాత అచ్చు విప్పి, పురుగును నీళ్లలో వేస్తారు. అచ్చులో మాత్రం ఒక్క నీటి చుక్క కూడా ఉండకూడదు. వేడి ప్లాస్టిక్ తగలగానే అది ఆవిరై, కాగే నూనెలో తడి చెయ్యి విదిలించినట్టు మీదికి చిమ్ముతుంది.

ఈ సంగతి ఇంటికాడ చెప్పడమే నేను చేసిన తప్పు. మా తమ్ముడు పాత బోరు పైపు ముక్కను గిన్నెలో వేసి పొయ్యి మీద పెట్టాడు. అది కరగలేదు, నల్లగా మాడింది. ఇల్లంతా ఘాటు పొగ. తమ్ముడు దగ్గి దగ్గి వాంతి చేసుకున్నాడు. అవ్వ కండ్లు సాయంత్రం దాకా మండినయి. సారును అడిగితే, పైపు, ఈ పురుగు రెండూ పి.వి.సి.యే అన్నారు. పురుగులో దాన్ని మెత్తబరిచే నూనెలాంటి ద్రవం కలిపి ఉంటుంది, గట్టి పైపులో ఉండదు. పి.వి.సి. మాడితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది. అది కంటి తడిలో, గొంతు తడిలో కలిస్తే మనం ల్యాబులో చూసే హైడ్రోక్లోరిక్ ఆమ్లమే! ప్లాస్టిసాల్ ఎక్కువ కాగినా ఇదే వాయువు. అందుకే తెలిసినవాళ్లు కూడా గాలి ఆడేచోట, వేడి కొలిచే పరికరం పెట్టుకొని, వంటకు వాడని గిన్నెలోనే చేస్తారు. మా అమ్మ ఆ గిన్నెను పారేసింది. అది ఆమె పుట్టింటి నుంచి తెచ్చుకున్న గిన్నె.

ఇంకొక వింత. పురుగును నేను నా ప్లాస్టిక్ పెన్నుల డబ్బాలో దాచాను. వారం తర్వాత చూస్తే డబ్బా అడుగు జిగటగా కరిగి, పురుగు దానికి అతుక్కుపోయింది. మెత్తబరిచే ఆ నూనె మెల్లగా బయటికి వచ్చి డబ్బాను తిన్నదట. చేప కడుపులో అరగనిది నా డబ్బాను మాత్రం తిన్నది.

ఇప్పుడు దాన్ని గాజు సీసాలో పెట్టాను. చూడాలనుకున్నవాళ్లు సాయంత్రం స్టడీ అయినాక రండి. ముట్టుకుంటే మాత్రం అన్నానికి పోయే ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి.