బండి పాతదే... ఇంజన్ వేరే!

టాటా 207 అనగానే మీలో చాలామందికి బండి కళ్లముందు మెదలకపోవచ్చు. కానీ తెల్లవారుజామున రేపల్లె నుంచి బాపట్ల వైపు బైక్ మీద వెళ్లినవాళ్లెవరైనా దాని వెనకాల ఓ పది నిమిషాలు ఇరుక్కునే ఉంటారు. నీళ్లు కారుతున్న రొయ్యల ట్రేలు, పైన టార్పాలిన్, సైలెన్సర్లోంచి నల్లటి పొగ. హారన్ కొట్టినా పక్కకి జరగదు. అదే అది!

మన ఫోన్లు మూడేళ్లకే ముసలివైపోతాయి. ఈ బండ్లు మాత్రం పదిహేనేళ్లు దాటినా పొద్దున్నే లేచి పనికెళ్తాయి. కారణం సింపుల్. పాత 207 డీఐలో కంప్యూటర్ లేదు, సెన్సార్ల గోల లేదు. డీజిల్, గాలి, ఇనుము. అంతే. ఇంజన్ పేరులోనే దాని జాతకం ఉంటుంది: 497. మొదటి అంకె 4 అంటే నాలుగు సిలిండర్లు. తర్వాతి 97 అంటే ఒక్కో సిలిండర్ అడ్డుకొలత 97 మిల్లీమీటర్లు. పిస్టన్ పైకీ కిందకీ తిరిగే దూరం 100 మిల్లీమీటర్లు. బీటెక్ ఫస్టియర్ లెక్క వేసి చూడండి, ఒక్కో సిలిండర్‌కి 739 సీసీ, మొత్తం 2956 సీసీ వస్తుంది. నేను సాఫ్ట్‌వేర్‌వాణ్ణే కానీ, ఈ లెక్క సరిపోయినప్పుడు వచ్చిన ఆనందం ఆఫీసులో ఈమధ్య ఎప్పుడూ రాలేదు.

ఈ లెక్కలన్నీ నాకెందుకంటే, మా బాబాయి బండి చెరుకుపల్లి దగ్గర ఆగిపోయింది. రేపల్లె పక్క పల్లెల్లో చెరువుల దగ్గర రొయ్యలు ఎత్తుకుని వెళ్లే బండి అది. ఇంటికి ఆధారం అదొక్కటే. ఆగిపోవడమంటే మామూలుగా ఆగడం కాదు. కనెక్టింగ్ రాడ్ విరిగి, ఇంజన్ బ్లాక్‌ని పొడుచుకుని బయటికొచ్చింది. అరచెయ్యి పట్టేంత బొక్క. కింద రోడ్డంతా ఆయిల్.

తెనాలి షెడ్డుకి కట్టి లాక్కొచ్చాక మేస్త్రీ టార్చి వేసి ఒక్కసారి చూశాడు. "దీనికి బోర్ పని లేదు, లైనర్ల పని లేదు. బ్లాకే పోయింది గదా. ఇంకో ఇంజన్ ఎక్కించాల్సిందే" అన్నాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఇంజన్ పాడైతే అందరూ ఇంజనే మార్చక్కర్లేదు. పిస్టన్లు అరిగి పొగ వస్తుంటే బ్లాక్ ఉంచేసుకుని లోపల లైనర్లు, పిస్టన్లు, రింగులు, బేరింగులు మార్చుకుంటే చాలు. ఇంజన్ నంబరు ఉండేది బ్లాక్ మీద. బ్లాక్ అదే అయితే నంబరూ అదే, ఆర్‌సీతో పేచీ లేదు. బ్లాక్ పోయిందా, కథ షెడ్డు దాటి ఆఫీసుల దాకా వెళ్తుంది. మెకానిక్ పని మూడు రోజులు. కాగితాల పని ఎన్ని రోజులో మెకానిక్ చెప్పలేడు.

బండి తుక్కుకి అమ్మేసి ఫైనాన్స్‌లో కొత్తది తీసుకోమని ఇంట్లో ఒక వర్గం. "ఈఎంఐ కట్టడానికి నేను మళ్లీ ఇంకోడి బండికి డ్రైవర్‌గా పోవాలి. అట్టా అయితే కొత్త బండి ఎవరు తోలతారు?" అన్నాడు బాబాయి. ఆ ప్రశ్నకి నా దగ్గర ఎక్సెల్ షీట్ ఉంది కానీ, జవాబు లేదు.

సెకండ్ హ్యాండ్ ఇంజన్ అంటే మన వైపు అందరి దారీ విజయవాడ జవహర్ ఆటోనగర్‌కే. చూడనివాళ్లు ఒకసారి చూడాల్సిన ఊరు... ఊరు అనే అంటున్నా. ఒక వీధిలో గేర్‌బాక్సులు, ఒక వీధిలో బాడీలు కట్టేవాళ్లు, ఇంకో చోట ఇంజన్లు గోడ వారగా వరసగా కూర్చుని ఉంటాయి, పెళ్లి భోజనాల దగ్గర బంధువుల్లాగా.

మేస్త్రీ అక్కడ ఇంజన్ చూసిన తీరు నాకు భలే నచ్చింది. ముందు చేత్తో బ్లాక్ తాకాడు. వెచ్చగా ఉంటే అనుమానమేనట. మనం వచ్చేముందే వేడి చేసి ఉంచారంటే, చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ అవడం కష్టమని అర్థం. తర్వాత నేల మీదే బ్యాటరీ తగిలించి, డబ్బాలో డీజిల్ పెట్టి స్టార్ట్ చేయించి, ఆయిల్ పోసే మూత తీశాడు. అక్కడ పొగ గుప్పుగుప్పుమని కొడితే రింగులు పోయినట్టే. డిప్‌స్టిక్ తీసి ఆయిల్ మజ్జిగలా తెల్లగా ఉందేమో చూశాడు. అలా ఉంటే నీళ్లు కలిసినట్టు. చివరికి ఇంజన్ నంబరు ఉన్నచోట వేలితో రాశాడు. గీకిన గరుకు తగిలితే, రేటు ఎంత తక్కువైనా వెనక్కి తిరిగి రావడమే.

అసలు కథ ఇక్కడుంది. ఒక కొట్టులో ఇంజన్ బాగుంది. రేటూ బాగుంది. కానీ కాగితాల్లేవు. "మీ పాత నంబరు చెప్పండి, అదే కొట్టి ఇస్తాం. ఎవడు చూస్తాడు?" అన్నారు. మిగిలే డబ్బు తక్కువేమీ కాదు. బాబాయి చాలాసేపు మాట్లాడలేదు. మూడో టీ తాగాడు. అప్పటికి చేతిలో ఉన్నది పిన్ని గొలుసు తాకట్టు పెట్టిన డబ్బు. "రేపు రోడ్డు మీద ఏదన్నా అయితే, ఇన్సూరెన్సోడు ముందు చూసేది ఆ నంబరే గదరా" అని లేచాడు. నేను పక్కనుంచి చట్టం చదివి వినిపించే అవసరం రాలేదు.

చట్టం ఏం చెప్తుందో మీకైతే చెప్తా. మోటారు వాహనాల చట్టం, 1988లో 52వ సెక్షన్. ఇంజన్ మార్చాలంటే రిజిస్టరింగ్ అథారిటీ అనుమతి కావాలి. పదికి తక్కువ కాకుండా ట్రాన్స్‌పోర్టు బండ్లున్న యజమానికి రాష్ట్ర ప్రభుత్వం అధికారం ఇస్తే, అదే తయారీ, అదే రకం ఇంజన్‌ని ముందస్తు అనుమతి లేకుండా మార్చుకోవచ్చు. అప్పుడు కూడా 14 రోజుల్లో తెలియజేయాలి. ఒక్క బండి ఉన్న మా బాబాయికి ఆ సౌకర్యం లేదు! 2019 సవరణతో వచ్చిన 182ఏ ప్రకారం, అనుమతి లేని మార్పుకి యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకి 5000 రూపాయల జరిమానా, లేదా రెండూ.

అందుకే ఇంజన్ ధర అనేది ఇంజన్‌ది కాదు, కాగితాలది. మేం చివరికి తీసుకున్నదానికి ఇంజన్ నంబరు రాసిన బిల్లు, అది ఏ బండిలోంచి దిగిందో ఆ బండి ఆర్‌సీ కాపీ, రిజిస్ట్రేషన్ రద్దయిన కాగితం ఉన్నాయి. దొంగ బండిదేమోనని ఎన్‌సీఆర్‌బీ ‘వాహన్ సమన్వయ్’లో నంబరు కొట్టి చూసుకున్నాం. ఫోన్‌లోనే అయిపోయే పని, మీరూ పాత బండి కొనేముందు చూసుకోండి. మరో ముఖ్యమైన సంగతి: టర్బో లేని బండికి టర్బో ఇంజన్ దొరికింది కదా అని సంబరపడొద్దు. పైపులు, బిగింపులు మారతాయి, పైగా అది అదే రకం ఇంజన్ కాదు.

బండికి ఉన్నది ఏపీ 07, అంటే పాత గుంటూరు జిల్లా నంబరు. 2022 ఏప్రిల్ 4 నుంచి రేపల్లె బాపట్ల జిల్లాలోకి వచ్చింది కాబట్టి అర్జీ పట్టుకుని బాపట్ల తిరిగాం. ఫైల్ కదిలేలోపు బాబాయి అద్దె బండితో చెరువుల మీదకి వెళ్లాడు. వచ్చింది అద్దెకీ డీజిల్‌కీ సరిపోయింది.

అనుమతి చేతికొచ్చాక షెడ్డులో పని మొదలు. బ్యాటరీ నెగెటివ్ తీగ ముందు ఊడదీశారు. తర్వాత నీళ్లు, ఆయిల్, బానెట్, రేడియేటర్. నేను ప్రతి వైరుకీ టేపు అంటించి ఫొటో తీశాను. మేస్త్రీ నన్ను చూసి నవ్వి, ఒక అట్టముక్క మీద క్లచ్ హౌసింగ్ బొమ్మ గీసి, ఏ బోల్టు ఎక్కడిదో అక్కడే గుచ్చాడు. మా ఆఫీసులో దీన్నే వెర్షన్ కంట్రోల్ అంటాం. లైసెన్స్ కూడా కొంటాం.

రెండు క్వింటాళ్లకు పైనే ఉండే ఇంజన్‌ని చైన్ కప్పీతో ఎత్తుతుంటే షెడ్డులో ఎవరూ మాట్లాడరు. కొత్తది దించేముందు క్లచ్ ప్లేటు, రిలీజ్ బేరింగ్, వెనక ఆయిల్ సీల్, మౌంటింగ్ రబ్బర్లు, నీళ్ల గొట్టాలు అన్నీ మార్పించాడు. "బయట ఉన్నప్పుడు పది నిమిషాల పని. లోపలికెళ్లాక ఇదే ఒక రోజు పని" అన్నాడు.

కష్టమంతా ఇంజన్నీ గేర్‌బాక్సునీ కలిపేచోట. గేర్‌బాక్సు షాఫ్టు మీదుండే పళ్లు క్లచ్ ప్లేటు గాడిలో సరిగ్గా దిగాలి. గేర్‌బాక్సు కింద జాకీ, జాకీ మీద చెక్క. తల కోసేసిన రెండు పొడుగు బోల్టులు దారి చూపడానికి. క్రాంక్‌ని కొంచెం తిప్పడం, తొయ్యడం, మళ్లీ తిప్పడం. కుర్రాడొకడు మిగిలిన సందుని బోల్టులు బిగించి లాగేద్దామన్నాడు. మేస్త్రీ స్పానర్ లాక్కున్నాడు. అలా లాగితే క్లచ్ ప్లేటు వంగుతుంది, హౌసింగ్ చెవి విరుగుతుంది. గంటంపావు తర్వాత ‘టక్’మని దానంతటదే కూర్చుంది.

వెంటనే స్టార్ట్ చేయలేదు. డీజిల్ ఆపే కేబుల్ లాగిపట్టి, ఆయిల్ లైటు ఆరేదాకా ఉత్తినే సెల్ఫ్ కొట్టించాడు, ఎండిన బేరింగులకి ముందు ఆయిల్ అందాలని. తర్వాత ఫిల్టర్ మీద స్క్రూ వదులు చేసి, హ్యాండ్ పంపు కొడుతూ బుడగలు ఆగేదాకా గాలి తీశాడు. మూడో సెల్ఫ్‌కి అందుకుంది. షెడ్డంతా తెల్లపొగ. బాబాయి మాత్రం ఇంజన్ వైపు చూడలేదు, టెంపరేచర్ ముల్లునే చూస్తూ కూర్చున్నాడు.

ఎందుకంటే పాత ఇంజన్‌ని చంపింది ఆ ముల్లే. సముద్రం దగ్గరి ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. ఎక్కడ ఆగితే అక్కడి నీళ్లు రేడియేటర్‌లో పోస్తే లోపల పొక్కు కట్టి దారులు మూసుకుపోతాయి. పాత రేడియేటర్ విప్పితే సగం గొట్టాల్లో సుద్దలాంటి తెల్లటి పదార్థం. ఇంజన్ మార్చి అదే రేడియేటర్ బిగిస్తే ఏడాది తిరక్కుండా మళ్లీ ఇదే షెడ్డు. సర్వర్ పడిపోయిందని రీస్టార్ట్ చేసి, ఎందుకు పడిపోయిందో చూడకపోవడం లాంటిది. కొత్త కోర్, కొత్త థర్మోస్టాట్ వేశారు. ఇప్పుడు సీటు వెనకాల కూలెంట్ క్యాన్ ఉంది. దాన్ని ఎవరూ తాగకుండా, మంచినీళ్లు ఎవరూ రేడియేటర్‌లో పోయకుండా పిన్ని రెండిటికీ పేర్లు రాసిపెట్టింది.

బాపట్లలో బ్రేక్ ఇన్‌స్పెక్టర్ బానెట్ ఎత్తించి నంబరు సరిచూసుకున్నాక ఆర్‌సీలో కొత్త నంబరు ఎక్కింది. ఇన్సూరెన్స్ పాలసీలోనూ మార్పించాం.

బొక్కపడిన పాత బ్లాక్ తెనాలిలోనే తుక్కు కొట్టుకి వెళ్లింది. తెనాలి తుక్కు అంటే చిన్నచూపు వద్దు. సూర్య శిల్పశాల కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కుమారుడు రవిచంద్ర పాత బండ్ల నట్లు, బోల్టులు, చైన్లతోనే నిలువెత్తు విగ్రహాలు చేస్తున్నారు. మా బ్లాక్ మాత్రం అంత దూరం వెళ్లిందో లేదో. కాటా వేసి, కిలోల లెక్కన డబ్బులిచ్చారు. రసీదు మీద బ్లాక్ నంబరు కూడా రాయించుకున్నాడు బాబాయి. అది ఆర్‌సీ ఫైల్లోనే ఉంది.