ఖాళీ చీటీ వచ్చిందా? మళ్లీ చెయ్యి పెట్టండి!

క్యాంపస్ ఇంటర్వ్యూ. ‘డెడ్‌లాక్ రావాలంటే ఏయే కండిషన్లు ఉండాలి?’ అని అడిగారు. ముందురోజు రాత్రే చదివాను. అయినా ఒక్కటీ తట్టలేదు. ‘ఐ యామ్ బ్లాంక్ సర్’ అనేశాను. ఆయన తలూపి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయారు. ఇంటికెళ్లే బస్సులో నాలుగు కండిషన్లూ వరసగా గుర్తొచ్చాయి! మీకూ ఇలా ఎప్పుడో ఒకప్పుడు జరిగే ఉంటుంది.

ఇలాంటప్పుడు ఇంగ్లిష్‌లో వాడే మాట ‘డ్రా ఎ బ్లాంక్’. తెలిసిన విషయమే సమయానికి గుర్తుకు రాకపోవడం అన్నమాట. ‘ఐ డ్రూ ఎ బ్లాంక్ ఆన్ హిజ్ నేమ్’ అంటే ‘ఎంత ఆలోచించినా ఆయన పేరు గుర్తుకు రాలేదు’ అని. ఎంత వెతికినా ఏమీ దొరకనప్పుడూ ఇదే వాడతారు. ఇంగ్లిష్ పేపర్లో ‘పోలీస్ డ్రూ ఎ బ్లాంక్’ అని కనిపిస్తే పోలీసులకు మతిమరుపు అనుకోకండి. గాలించినా ఏమీ దొరకలేదని అర్థం.

ఇక్కడ ‘డ్రా’ అంటే బొమ్మ గీయడం కాదు. మన లక్కీ డ్రాలో ఉన్న డ్రాయే. ఈ మాట పాతకాలపు ఇంగ్లండ్ లాటరీల నుంచి వచ్చింది. ఒక పాత్రలో టికెట్ కొన్నవాళ్ల పేర్ల చీటీలు వేసేవారు. ఇంకోదాంట్లో బహుమతుల చీటీలతో పాటు ఏమీ రాయని తెల్ల చీటీలూ కలిపేవారు. రెండింట్లోంచీ ఒక్కో చీటీ తీసేవారు. మీ పేరుకు తెల్ల చీటీ జతపడిందా, ‘బ్లాంక్’ వచ్చినట్టే! అది ఎవరికి మాత్రం నచ్చుతుంది? అందుకే మొదటి ఎలిజబెత్ రాణి హయాంలో ఓడరేవుల మరమ్మతుల కోసం పెట్టిన లాటరీకి, 1567లో ‘బ్లాంక్‌లే లేని లాటరీ’ అని ప్రచారం చేశారు. 1569లో లండన్‌లోని సెయింట్ పాల్స్ దగ్గర దాని డ్రా తీశారు.

ఇందులో మనకు పనికొచ్చే సంగతి ఒకటుంది. ఖాళీ చీటీ వచ్చిందంటే పాత్ర ఖాళీ అని కాదు. ఆ ఒక్కసారికి చేతికి అందింది అదీ, అంతే. కాబట్టి ‘ఐ యామ్ బ్లాంక్’ అని తలుపు మూసేయకండి. ‘ఐ యామ్ డ్రాయింగ్ ఎ బ్లాంక్. మే ఐ టేక్ ఎ మూమెంట్?’ అని అడగండి. తర్వాత తెలిసినంత దగ్గర మొదలుపెట్టండి. రెండు ప్రాసెస్‌లు చెరో రిసోర్స్ పట్టుకుని, ఎదుటిదాని చేతిలో ఉన్నదాని కోసం ఆగిపోయినట్టు కాగితం మీద గీస్తే చాలు. ‘హోల్డ్ అండ్ వెయిట్’, ‘సర్క్యులర్ వెయిట్’ కళ్లముందే కనిపిస్తాయి. మిగతా రెండూ వాటి వెనకే వస్తాయి.

తర్వాతి ఇంటర్వ్యూలో నేను చేసింది ఇదే.